మాకు హుకూమత్ వద్దు, హక్కు కావాలి

మమ్మల్ని ఎప్పుడూ రెండు ప్రశ్నలే అడుగుతారు. బయటివాళ్లు అడిగేది: మీరు ముందు భారతీయులా, ముందు ముస్లింలా? మావాళ్లు అడిగేది: మీరు ముందు ముస్లింలా, ముందు సెక్యులర్లా? ఉర్దూలో చదువుకుని తెలుగులో రాసుకునే మేం ఈ రెండు ప్రశ్నల్నీ రెండు భాషల్లోనూ వింటున్నాం. అడిగేవాళ్ల గొంతుల్లో తేడా ఉంది గాని చూపుల్లో తేడా లేదు. ఇద్దరూ మా జేబులు తడిమి చూసే జవాన్లే.

జనగామ బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకున్న సాయిబుకు, మానుకోట రైల్వేస్టేషన్ ముందర ఆటో తోలే పిలగానికి, భూపాలపల్లి బొగ్గుబాయిల మీద కాంట్రాక్టు పనికి పోయే కూలీకి ఈ ప్రశ్నలు ఏనాడూ పుట్టలేదు. వాళ్ల ప్రశ్నలు వేరే ఉన్నాయి. బండి ఎత్తేయకుండా మున్సిపాలిటీవాణ్ణి ఎట్లా ఆపాలి? ఆటో ఫైనాన్స్ కిస్తీ ఎట్లా కట్టాలి? బాయి పనిలో పర్మినెంటు ఎప్పుడు చేస్తారు? అయినా సరే, హైదరాబాదులో ఎవరు ఏం మాట్లాడినా, ఢిల్లీలో ఎవరు ఏ చట్టం చేసినా, ప్రపంచంలో ఎక్కడ ఏ బాంబు పేలినా చాయ హోటల్ల జవాబు చెప్పుకోవాల్సింది వీళ్లే. ఎందుకంటే ఊళ్లో కళ్లముందు కనిపించే నాలుగు ఇళ్లు వీళ్లవే.

కాబట్టి మేం మాట్లాడేది ఆ నాలుగు ఇళ్ల వైపు నుంచి. ముస్లింలు గుంపుగా ఉన్న పాతబస్తీ వైపు నుంచి కాదు, ముస్లింలు లేని యూనివర్సిటీ సెమినార్ల వైపు నుంచీ కాదు. చెప్పదలుచుకున్నది సూటిగానే చెప్తాం. మతం పేరు మీద రాజ్యాధికారం అడిగే రాజకీయం ఈ గడ్డమీద ముస్లిం పేదవాడికి ఎన్నడూ నీడ ఇవ్వలేదు. ఆ రాజకీయం చేసిన ప్రతి అప్పునూ అతనే తీర్చాడు. మతం లేని రాజ్యం అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు కూడా అతనే. సెక్యులరిజం మేం ఎవరి దగ్గరో తెచ్చుకుని చూపించాల్సిన నడవడిక సర్టిఫికెట్ కాదు. రాజ్యం మాకు బాకీపడ్డ సొమ్ము.

ముందుగా ఒక మాట తేటతెల్లం చేసుకోవాలి. నమాజు చదవడం, రోజా ఉండడం, జకాత్ ఇవ్వడం, గడ్డం పెంచుకోవడం, బురఖా వేసుకోవడం రాజకీయ ఇస్లాం కాదు. అది మజ్హబ్. అది మా ఇష్టం. మసీదు మైకు విని ఉలిక్కిపడేవాళ్లతో మాకు పేచీ ఉంది. మేం రాజకీయ ఇస్లాం అంటున్నది వేరే దాన్ని. రాజ్యం మతానిదై ఉండాలి, చట్టం మతపెద్దల నోటినుంచి రావాలి, ముస్లిం అయినవాడు పుట్టుకతోనే ఒక రాజకీయ పార్టీ ఆస్తి అని వాదించేదాన్ని అంటున్నాం. ఈ రెంటినీ కలిపేసి చూపడం హిందూత్వవాదులకు లాభం. మా మతపెద్దలకూ అదే లాభం. పేదవాడి నమాజును ఇద్దరూ తమ లెక్కలోనే రాసుకుంటారు.

ఈ రాజకీయం ఎక్కడో అరబ్బు ఎడారుల నుంచి దిగుమతి అయిందనుకుంటారు. అదేం లేదు. మన నిజాం రాజ్యంలోనే పుట్టి పెరిగిన సరుకు అందులో చాలా ఉంది. 1927లో హైదరాబాదులో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పుట్టింది. 1938 నుంచి 1944లో చనిపోయేదాకా దానికి నాయకత్వం వహించిన బహదూర్ యార్ జంగ్ గొప్ప వక్త, స్వయంగా జాగీర్దారు. ఆయన కాలంలోనే 'అనల్ మాలిక్' అన్న నినాదం పుట్టింది. నేనే యజమానిని అని అర్థం. ఈ రాజ్యంలో అధికారం ఒక్క నిజాంది మాత్రమే కాదట, ప్రతి ముస్లిందీ అట. జనాభాలో సుమారు ఎనిమిదో వంతు ఉన్న మాకు, అందులో ఎక్కువమంది కూలీలు, చప్రాసీలు, చేతిపనివాళ్లు అయిన మాకు ఆ జాగీర్దారు రాజ్యాన్ని పంచి ఇచ్చాడు. భూమిని మాత్రం పంచలేదు.

మాలిక్ సంగతి ఏమైందో చూడాలంటే అప్పటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా కామారెడ్డిగూడెం పోవాలి. షేక్ బందగీ అక్కడి చిన్న రైతు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అండతో తన భూమి మీదికి వచ్చిన పేచీని కోర్టుకెక్కి ఎదుర్కొన్నాడు. ఏళ్లతరబడి తిరిగి కేసు గెలిచాడు. గెలిచినందుకే 1941లో దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని నరికి చంపారు. రాజు ముస్లిం. పోలీసు ముస్లిం రాజుది. కోర్టు ముస్లిం రాజుది. చచ్చినవాడు ముస్లిం. చంపించినవాడు హిందూ దొర. 'ప్రతి ముస్లిమూ మాలికే' అన్నవాళ్లు బందగీ శవం దగ్గరికి రాలేదు. అతని సమాధి దగ్గర తలవంచింది జనగామ పల్లెల రైతులు, కూలీలు. హిందువులూ ముస్లింలూ కలిసి. 'మా భూమి' నాటకంలో అతను పాత్రయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు వెలిగిన మొదటి దీపాల్లో ఒకటి మా బందగీది. మా చరిత్ర చెప్పేటప్పుడు ఖాసిం రజ్వీ పేరు గుర్తొచ్చేవాళ్లకు బందగీ పేరు ఎందుకు గుర్తురాదు?

1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ అధ్యక్షుడయ్యాడు. రజాకార్లు వచ్చారు. వాళ్లు చేసిన దుర్మార్గాన్ని మేం కప్పిపుచ్చం. జనగామ పక్కనున్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జరిగిన ఊచకోత మా ఊళ్ల జ్ఞాపకంలో కూడా ఉంది. కాని ఒక్క సంగతి అడుగుతాం. ఆ రజాకార్లు ఎవరి గడీలకు కాపలా కాశారు? పల్లెలు వదిలి పట్నాలకు పారిపోయిన దొరలు ఎవరి తుపాకుల నీడలో తిరిగొచ్చారు? రజ్వీ మాట చెల్లిన మీర్ లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని ఎవరు? వరంగల్ దేశ్‌ముఖ్ పింగళి వెంకటరామారెడ్డి. ఇస్లామీ హుకూమత్ అని నినాదం మాకు ఇచ్చి, హుకూమత్‌ను దొరలతో కలిసి పంచుకున్నారు.

ఆ రాజకీయం మొదట ఎవరి గొంతు కోస్తుందో కూడా అప్పుడే తేలిపోయింది. షోయబుల్లా ఖాన్ ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆపాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రిపూట ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే నడివీధిలో కాల్చారు. రాసిన చేయి నరికారు. ఉర్దూలో రాసే ముస్లిం పాత్రికేయుడి చేతిని నరికినవాళ్లు ఉర్దూను, ఇస్లాంను కాపాడుతున్నామని చెప్పుకున్నారు. కలం పట్టి బతికే మేం ఆ చేతిని మరిచిపోం. అవతల మఖ్దూం మొహియుద్దీన్ ఆ రోజుల్లో ఉర్దూలోనే రైతు కోసం, కార్మికుడి కోసం రాస్తున్నాడు. ముస్లిం అంటే రజ్వీ ఒక్కడే అని ఎవరు చెప్పారు?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. అప్పు తీర్చే వంతు ఎవరికి వచ్చిందో ఇప్పుడు చూడండి. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు, రాజభరణం అందుకున్నాడు. ఖాసిం రజ్వీ జైల్లో ఉండి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. దొరలు ఖద్దరు తొడిగారు. వెళ్లడానికి ఎక్కడా చోటులేని ముస్లిం పేదలు మిగిలారు. ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ ఏడాది చివర్లో సంస్థానంలో తిరిగి నివేదిక రాశారు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. జనగామ తాలూకా ఉన్న నల్లగొండ జిల్లా పేరూ ఆ నివేదికలో ఉంది. సెక్యులర్ దేశం ఆ కాగితాలను దశాబ్దాల పాటు బీరువాలో పెట్టి తాళం వేసింది. 2013 దాకా మామూలు మనిషి కంటికి అవి అందలేదు. కొలువులు పోయిన చప్రాసీలు, జవాన్లు, పటేళ్ల దగ్గర పాలేర్లుగా కుదిరారు. రిక్షాలు తొక్కారు. మా ఇళ్లలో 'పోలీస్ యాక్షన్' అన్న ఇంగ్లీషు మాటను ముసలమ్మలు కూడా తర్జుమా లేకుండానే పలుకుతారు.

సంఘం బలంగా ఉన్న పల్లెల్లో ముస్లింల మీద చేయి పడనీయలేదని ఆ పోరాట నాయకులు రాసుకున్నారు. అదీ అసలు పాఠం. ఆనాడు మా పేదవాణ్ణి కాపాడింది ఎక్కడైనా ఉంటే, అది పక్కింటి కూలీతో కలిసి చేసిన పోరాటమే. అనల్ మాలిక్ నినాదం ఒక్క ఇంటినీ కాపాడలేదు.

సిద్ధాంతం సంగతి కూడా చూద్దాం. రాజకీయ ఇస్లాంకు ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద సిద్ధాంతకర్త మౌలానా మౌదూది. 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టాడు. 1930ల మొదట్లో హైదరాబాదు నుంచే 'తర్జుమానుల్ ఖురాన్' పత్రిక నడిపాడు. 1941లో లాహోరులో జమాతె ఇస్లామీ పెట్టాడు. సార్వభౌమాధికారం అల్లాహ్‌దే, మనుషులు ఓట్లేసి చేసే చట్టానికి విలువలేదు అన్న వాదాన్ని ఆయన ఎంత గట్టిగా చెప్పాడంటే ఈజిప్టు దాకా దాని ప్రభావం పోయింది.

ఆ సిద్ధాంతంలో మా స్థానం ఏమిటి? దీనికి ఆయనే జవాబు చెప్పాడు. 1953లో పంజాబులో అహ్మదీయులకు వ్యతిరేకంగా జరిగిన అల్లర్ల మీద జస్టిస్ మునీర్ కమిషన్ విచారణ జరిపింది. పాకిస్తాన్ ఇస్లామీ రాజ్యం అయితే హిందూస్తాన్‌లో హిందువులు తమ మత రాజ్యం పెట్టుకుని మనుధర్మం ప్రకారం ముస్లింలను శూద్రులుగా, మ్లేచ్ఛులుగా చూసినా, పాలనలో భాగమూ పౌరహక్కులూ లేకుండా చేసినా మీకు అభ్యంతరమా అని అడిగారు. లేదన్నాడు. 1954లో అచ్చయిన నివేదికలో ఆ జవాబు ఉంది. మానుకోట ఆటో డ్రైవర్నీ, జనగామ పండ్ల బండివాణ్ణీ ఒక్క మాటతో మనువు చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాడు. నాగపూర్‌లో కూర్చున్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఇస్లామీ రాజ్యం, హిందూ రాజ్యం ఒకదాన్ని చూపి మరొకటి బతుకుతాయి. మధ్యలో చచ్చేది అటూ ఇటూ ఉన్న మైనారిటీలు.

మత రాజ్యం వచ్చినచోట ముస్లింకైనా మేలు జరిగిందా? మతం ఒకటే అయినా భాష వేరని బెంగాలీ ముస్లింలను అణగదొక్కితే 1971లో బంగ్లాదేశ్ విడిపోయింది. 1974లో పాకిస్తాన్ పార్లమెంటు అహ్మదీయులు ముస్లింలే కాదని రాజ్యాంగ సవరణ చేసింది. ఎవరు ముస్లిమో రాజ్యం తేల్చడం మొదలుపెడితే ఆ జాబితా ఎక్కడ ఆగుతుంది? రేపు అన్నారం దర్గాకు పోయేవాడు ముస్లిం అవుతాడా?

మౌదూది ఒక్కడే మా మౌలానా కాదు. దేవ్‌బంద్ మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ 1938లోనే ఖౌమ్ అనేది మతం మీద కాదు, వతన్ మీద ఏర్పడుతుందని వాదించాడు. పాకిస్తాన్ వాదాన్ని ఎదిరించాడు. గడ్డం ఉన్నవాళ్లంతా ఒకటే అనుకునే సెక్యులర్ మిత్రులు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ఇక ఇప్పటి మాట. పోలీసు చర్య తర్వాత మూతపడ్డ మజ్లిస్ 1950ల చివర్లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంది, ఎన్నికల్లో నిలబడింది. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ సీటు ఆ ఇంటిదే. 2009 నుంచి 2023 దాకా జరిగిన నాలుగు శాసనసభ ఎన్నికల్లోనూ ఏడేసి సీట్లు గెలిచింది. అది వాళ్ల బలం, ఓట్లేసి తెచ్చుకున్న బలం, దాన్ని ఎవరూ కాదనలేరు. పార్లమెంటులో మా తరఫున రాజ్యాంగం చదివి వినిపించే గొంతు కూడా చాలాసార్లు వాళ్లదే. మిగతా పార్టీలు గొంతు మింగేశాయి గనుక ఆ గొంతు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

కాని ఆ ఏడు సీట్ల రాజకీయం మాకు కొలతకు రాదు. మానుకోట, డోర్నకల్ ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గాలు. జనగామలోగాని, భూపాలపల్లిలోగాని ముస్లిం ఓట్లతోనే గెలవడం కలలో కూడా జరగదు. మేం గెలవాలంటే లంబాడీతో, కోయతో, మాదిగతో, గొల్లతో కలిసే గెలవాలి. పాతబస్తీలో చప్పట్లు కొట్టించే ప్రసంగం మా ఊళ్లో మాకు పోటీగా మరో గుంపును తయారుచేస్తుంది. 2012 డిసెంబరులో నిర్మల్‌లో అక్బరుద్దీన్ ఒవైసీ చేసిన ప్రసంగం మీద కేసు నడిచింది, 2022లో కోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. కోర్టు సంగతి కోర్టుకే వదిలేద్దాం. ఆ ప్రసంగం ముక్కలు పదేళ్లపాటు ఫోన్లలో తిరుగుతుంటే, పదిహేను నిమిషాలు అంటూ ఎగతాళి చేసినవాళ్లకు చాయ హోటల్ల మొహం చూపించింది ఎవరు?

ఇంకొకటి. 2007 ఆగస్టు 9న తస్లీమా నస్రీన్ తన నవల తెలుగు అనువాదం విడుదలకు హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌కు వస్తే మజ్లిస్ శాసనసభ్యులే ముందుండి దాడి చేశారు. ఆమె రాతతో మాకు ఒప్పుదల ఉండాల్సిన పనిలేదు. రాతకు రాత, మాటకు మాట. పుస్తకానికి పూలకుండీ విసరడం జవాబు కాదు. 1948లో చేయి నరికిన చోట 2007లో కుర్చీలు విసిరారు. మధ్యలో ఎన్ని ఎన్నికలు జరిగినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఉమ్మత్ ఒక్కటే, అందులో ఎచ్చుతగ్గులు లేవని మాకు జుమా ఖుత్బాలో చెప్తారు. మసీదు సఫ్‌లో నిజమే, భుజం భుజం కలుస్తుంది. చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాక? 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన పద్నాలుగు సమూహాల జాబితా ఒక్కసారి చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాం, ఖురేషీ, సిద్దీ, తురక కాశ... దూదేకుల, మెహతర్ వేరే బీసీ గ్రూపుల్లో ముందునుంచే ఉన్నారు. ఎలుగుబంటిని ఆడించేవాడు, రాళ్లు కొట్టేవాడు, గడ్డం గీసేవాడు, గొడ్డుమాంసం కోసేవాడు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, బోహరా వంటివాళ్లను ఆ జాబితాలోంచి మినహాయించారు. ఖౌమ్‌కు నాయకులు ఏ జాబితాలోంచి వస్తున్నారు? ఖౌమ్ కోసం జైలుకు పోయేవాళ్లు ఏ జాబితాలోంచి వస్తున్నారు? ఈ లెక్క అడిగినవాణ్ణి ఖౌమ్‌లో చీలిక తెస్తున్నాడంటారు. చీలిక మేం తేలేదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అది ఎప్పుడూ ఉన్నదే.

ఆడవాళ్ల సంగతి అంతకంటే సిగ్గుచేటు. 1985 ఏప్రిల్‌లో ఇందోరుకు చెందిన షాబానో అనే వృద్ధురాలికి మనోవర్తి ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్తే షరియత్ ప్రమాదంలో పడిందని ఊరేగింపులు తీశారు. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1986లో చట్టం చేసి తీర్పును పక్కన పెట్టింది. అదే 1986 ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. ఇటు మౌల్వీలకు ఒకటి, అటు మహంతులకు ఒకటి. ఆ బేరంలో ఆడమనిషి మనోవర్తి పోయింది, ఆరేళ్లకు మసీదూ పోయింది. చివరికి 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టే ఆ చట్టానికి అర్థం చెప్పి మనోవర్తి హక్కును నిలబెట్టింది. మూడు తలాఖుల్ని మనమే కూర్చుని తీసేసుకుని ఉంటే ఏం పోయేది? చాలా ముస్లిం దేశాలు ఏనాడో తీసేశాయి. పర్సనల్ లా బోర్డు మొండికేసింది. 2017లో కోర్టు కొట్టేసింది. 2019లో మోదీ ప్రభుత్వం భర్తకు మూడేళ్ల జైలు అన్న చట్టం తెచ్చి మా ఆడపిల్లల రక్షకుడి వేషం కట్టింది. గుంపులు కొట్టి చంపిన ముస్లింల ఇళ్లలో కూడా భార్యలు, తల్లులు ఉన్నారు. వాళ్లకు ఆ రక్షకుడు కనిపించలేదు. ఆ వేషానికి రంగు అందించింది మాత్రం మన పెద్దలే.

మా దర్గాలను చూడండి. మానుకోటకు దగ్గరలో, పర్వతగిరి మండలంలో అన్నారం షరీఫ్ ఉంది. యాకూబ్ బాబా దగ్గర కందూరు చేసేవాళ్లలో హిందువులే ఎక్కువ. ఆయన పేరు మీద ఈ ప్రాంతంలో ఎంతమంది యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్‌రెడ్డిలు! రాజ్యాంగంలో 'సెక్యులర్' అన్న మాట 1976లో 42వ సవరణతో చేరింది. మా పల్లె దాన్ని అంతకు ముందే పిల్లలకు పేరుగా పెట్టుకుంది. ఇప్పుడు ఒకాయన వచ్చి దర్గాకు మొక్కడం షిర్క్ అంటాడు. పీర్ల పండుగ ఇస్లాం కాదంటాడు. ఇంకొకాయన వచ్చి హిందువు సమాధికి మొక్కడమేమిటి అంటాడు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. యాకయ్యనూ యాకూబ్‌నూ విడదీస్తున్నారు. మొక్కడం మొక్కకపోవడం ఎవరి నమ్మకం వాళ్లది. మొక్కేవాణ్ణి ఆపే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

ఇంతవరకు విని సెక్యులర్ మిత్రులు సంతోషపడి ఉంటారు. చూశారా, వాళ్లలోనే మంచివాళ్లున్నారు అని మా భుజం తట్టబోతారు. ఆగండి. మీ లెక్క ఇంకా మిగిలే ఉంది.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళ్తూ ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీల్ని జనగామ దాటాక ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే కాల్చి చంపారు. ఆయుధాలు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. సీట్లలో కూలబడ్డ శవాల చేతులకు బేడీలున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. వాళ్ల మీద ఉన్న ఆరోపణలు చిన్నవేం కావు. వాటిని తేల్చాల్సింది కోర్టు. అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాది కూడా కాలేదు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. ఆ కాల్పులకు శిక్షపడ్డ పోలీసు ఒక్కడూ లేడు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు ముస్లిం యువకుల్నే ఎత్తుకెళ్లారు, కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ఆనక హిందూత్వ సంస్థలవాళ్ల మీద కేసు నడిచి 2018 ఏప్రిల్‌లో వాళ్లూ విడుదలయ్యారు. మసీదులో చచ్చినవాళ్లను ఎవరూ చంపలేదన్నమాట. ఇలాంటప్పుడు 'చట్టాన్ని నమ్మండి' అని మా పిల్లలకు చెప్పాలంటే మా నోరు ఎట్లా పెగలాలి? రాజ్యం చట్టాన్ని వదిలేసిన ప్రతిసారీ మతరాజ్యం అడిగేవాడికి ఒక శ్రోత దొరుకుతాడు.

సెక్యులర్ రాజ్యం అంటారు. ప్రభుత్వ ఆఫీసు కడితే భూమిపూజ, కొత్త బస్సు వస్తే కొబ్బరికాయ. అది సంస్కృతి అట. ముస్లిం ఉద్యోగి జుమా నమాజుకు గంట అడిగితే అది మతం అట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లిం ఎంత అంటరాని పని చేసినా ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు. పాకీ పని చేసిన మెహతర్ మాత్రం ముస్లిం అయినందుకు ఆ జాబితా బయటే నిలబడ్డాడు. మతాన్ని బట్టి హక్కు తీసేసే ఈ ఉత్తర్వు సెక్యులర్ దేశానిదే. రిజర్వేషన్ల కథ చూడండి. 2004 ఉత్తర్వును, 2005 చట్టాన్ని హైకోర్టు కొట్టేసింది. 2007 చట్టాన్నీ 2010 ఫిబ్రవరిలో కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద ఆ నాలుగు శాతం నిలబడింది. పన్నెండు శాతం ఇస్తామని చెప్పిన ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో బిల్లు పాస్ చేసింది. అది ఢిల్లీ దాకా పోయి మళ్లీ ఇంటికి రాలేదు. ఇఫ్తార్ విందులు మాత్రం ఏ ఏడూ తప్పలేదు. నెత్తిన టోపీ పెట్టుకుని ఖర్జూరం నోట్లో వేసుకునే ముఖ్యమంత్రులను చాలామందిని చూశాం. టోపీ ఎవరికి పెట్టారో మాకు తెలియనిది కాదు.

సెప్టెంబరు 17 వస్తే చాలు మా గుండె దడ. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, 2022లో సమైక్యత, 2024లో ప్రజాపాలన. 2024 మార్చిలో కేంద్రం విమోచన దినమని గెజిట్‌లో రాసింది, అదే నెలలో 'రజాకార్' సినిమా వచ్చింది. దొరల గడీలను తెరమీద చిన్నవి చేసి గడ్డాలను పెద్దవి చేస్తే భూమి కోసం జరిగిన పోరాటం మత యుద్ధమై కూర్చుంటుంది. కమ్యూనిస్టు మిత్రులారా, బందగీ సమాధి మీద పూలు పెట్టే మీరు ఆ రోజున జనగామ చౌరస్తాలో నిలబడి విసునూరు దొర పేరు, పింగళి వెంకటరామారెడ్డి పేరు గట్టిగా ఎందుకు చెప్పరు? మేం చెప్తే సాకు అంటారు. మీరు చెప్తే చరిత్ర అవుతుంది. ముస్లిం ప్రశ్న తెస్తే వర్గ ఐక్యత చెడుతుందని మాకు నచ్చజెప్తారు గాని, ముస్లిం అన్న కారణంతో ఇల్లు కిరాయికి దొరకనప్పుడు ఏ వర్గ ఐక్యత వచ్చి తాళం తీసింది?

1992 డిసెంబరు 6 తర్వాతే మాలో చాలామందికి తెలుగులో మా పేరుతో మేం రాసుకోవాలన్న తెలివి వచ్చింది. 'జల్‌జలా' లాంటి సంకలనాలు 1998లో వచ్చినప్పుడు ముస్లింలు తెలుగులో రాస్తారా అని ఆశ్చర్యపడ్డవాళ్లు ఉన్నారు. ఉర్దూ మతం భాష అయినట్టు, తెలుగు హిందువుల భాష అయినట్టు! మా అమ్మలు తెలుగులో బేరమాడి ఉర్దూలో తిట్టి రెండింటిలోనూ ఏడ్చినవాళ్లు. రెండు భాషలూ మా సొంతం. రాజ్యాంగం కూడా అట్లాగే మా సొంతం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ముస్లిం ఆడవాళ్లు రోడ్ల మీద కూర్చుని చదివింది రాజ్యాంగ పీఠికను. ఖిలాఫత్ అడగలేదు. హుకూమత్ అడగలేదు. పౌరులం అన్నారు. సెక్యులరిజాన్ని అంత సూటిగా మాట్లాడిన పార్టీ ఏదీ లేదు.

అందుకని రెండు వైపులా మా మాట ఇది. మా పెద్దలారా, ఖౌమ్ పేరు చెప్పి రాజ్యం అడిగే ముందు ఖౌమ్ లోపల పద్దు తెరవండి. హజాంకు, ఫకీరుకు, మెహతర్‌కు మీ కమిటీల్లో కుర్చీ వేయండి. ఆడవాళ్లను మసీదు కమిటీల్లో, వక్ఫ్ లెక్కల్లో కూర్చోబెట్టండి. మీతో విభేదించి రాసినవాడికి రాతతోనే జవాబివ్వండి. మా నాలుగు ఇళ్లకు పనికిరాని నినాదాన్ని మా పేరు మీద ఇవ్వకండి.

సెక్యులర్ మిత్రులారా, మమ్మల్ని మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని జల్లెడ పట్టే ముందు మీ రాజ్యాన్ని జల్లెడ పట్టండి. సెక్యులరిజం రాజ్యాంగ మూలస్వరూపమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను పీఠికలోంచి తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబరులో కొట్టేసింది. మాట మిగిలింది. ఆలేరు రోడ్డు మీద, పోలీసు స్టేషన్‌లో, మున్సిపాలిటీ కౌంటర్లో, కిరాయి ఇంటి గడప దగ్గర ఆ మాట ఎక్కడుందో వెతికి చూపించాల్సింది మీరు కూడా. మాకు దయ వద్దు, విందు వద్దు. బందగీ కోర్టులో గెలుచుకున్న కాగితం అతని ప్రాణం కాపాడలేకపోయింది. ఇప్పుడు మా చేతుల్లో ఉన్న రాజ్యాంగం అనే కాగితానికి ఆ గతి పట్టకూడదు. దానికోసం జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో యాకయ్య, యాకూబ్ ఇద్దరూ కలిసి కొట్లాడాల్సిందే. మేం ఆ పనిలో ఉన్నాం.